ఫ్యాన్ల డ్రోన్‌తో రెక్కల విమానాన్ని ఎత్తి వదలడం, మళ్లీ పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సీజన్ మొదలైతే మరీ ఎక్కువ. అందుకే ఒక్కచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇక్కడ రెక్కల విమానం అంటే ఫిక్స్‌డ్‌వింగ్, ఫ్యాన్ల డ్రోన్ అంటే క్వాడ్ (నాలుగు ఫ్యాన్లది), హెక్సా (ఆరు ఫ్యాన్లది) లాంటి మల్టీరోటర్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎత్తి వదలడం కాలేజీ కుర్రాళ్లకు అందే పనే. గాల్లో పట్టుకోవడం మాత్రం వేరే లెక్క, దానికి తొందరపడొద్దు.

## మొదలుపెట్టే ముందు

విమానాన్ని ఇంకో డ్రోన్‌తో ఎత్తుడెందుకు? నేల మీదికెళ్లే లేపొచ్చు కదా?

లేపొచ్చు, చదునైన చోటు దొరికితే. రెక్కల విమానం గాల్లో నిలవాలంటే ముందు వేగం అందుకోవాలి, వేగానికి పరుగెత్తే నేల కావాలి. మన దగ్గర చూస్తే పత్తి చేలు, బత్తాయి తోటలు, వరి మడులు, అవి కాకుంటే బండరాళ్ల గుట్టలు. గట్టు వెంబడి కరెంటు తీగలు సరేసరి. చక్రాలు బిగిస్తే ఆ బరువును విమానం గంటల తరబడి ఊరికే మోయాలి. ఫ్యాన్ల డ్రోన్‌కి ఏ గట్టు మీదైనా లేచే వీలుంది కానీ బ్యాటరీని తినేస్తుంది. రెక్కల విమానం అదే బ్యాటరీతో ఎన్నో రెట్లు దూరం పోతుంది. కాబట్టి లేపే పని ఒకదానిది, దూరం పోయే పని ఇంకోదానిది.

ఇది నిజంగా ఎవరైనా చేశారా, వీడియోల ముచ్చటేనా?

మన పొరుగునే చేశారు. 2023 ఏప్రిల్ 2న కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర, ఇస్రో తన రెక్కల వాహనాన్ని వైమానిక దళం చినూక్ హెలికాప్టర్‌కి వేలాడదీసి 4.5 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలింది. లోపల పైలట్ లేడు. అది తనంతట తానే రన్‌వే వెతుక్కుని దిగింది. 2024 మార్చి 22న, జూన్ 23న మళ్లీ చేశారు. చివరిసారి కావాలనే రన్‌వే గీతకు 500 మీటర్లు పక్కన వదిలారు. అయినా సర్దుకుని, గంటకు 320 కిలోమీటర్లు దాటిన వేగంతో నేల తాకింది. అమెరికాలో డ్రీమ్ చేజర్ అనే రెక్కల అంతరిక్ష వాహనాన్ని కూడా 2013లో, 2017లో హెలికాప్టర్ నుంచే వదిలి చూశారు.

చిన్న సైజులో చూడాలంటే ఇన్సిటు కంపెనీ స్కాన్‌ఈగిల్ ఉంది. రెక్కల వెడల్పు 3.1 మీటర్లు. మామూలుగా దాన్ని గాలి ఒత్తిడితో పనిచేసే క్యాటపుల్ట్‌తో విసురుతారు, వచ్చేటప్పుడు స్తంభానికి వేలాడే తాడును రెక్క చివరి కొక్కెంతో పట్టుకుంటుంది. ఆ బరువైన యంత్రాలు రెండూ లేకుండా, ఒక క్వాడ్‌కాప్టరే ఎత్తి వదిలి, తర్వాత తాడు పట్టుకుని నిలబడే పద్ధతిని ఫ్లేర్స్ పేరుతో 2015లో చూపించారు. కాలేజీ ప్రాజెక్టులన్నీ ఎక్కువగా దీన్నే అనుకరిస్తున్నాయి.

ఇంత కష్టమెందుకు, వీటీఓఎల్ తీసుకుంటే పోదా?

చాలామందికి అదే మంచిది. పొలాల సర్వే, చెరువుల మ్యాపింగ్ మీ పని అయితే నిట్టనిలువుగా లేచి ముందుకు పోయే వీటీఓఎల్ కొనండి, టెన్షన్ ఉండదు. దాని లోపం ఒక్కటే. లేపే మోటార్లు నాలుగూ పైన పని లేకున్నా దారి పొడవునా బరువుగా వెంట ఉంటాయి, గాలికి అడ్డుపడతాయి. ఆ బరువు కూడా మిగిలితేనే మీ పని అవుతుందనుకుంటే అప్పుడు ఈ పద్ధతి గురించి ఆలోచించండి.

చేత్తో విసిరితే సరిపోదా?

2 కిలోల లోపు థర్మాకోల్ తరహా విమానమైతే సరిపోతుంది. రెక్క చిన్నగా, బరువు ఎక్కువగా ఉన్న విమానం చేతి విసురుకి లేవదు. వెనక ప్రొపెల్లర్ ఉంటే చేతివేళ్లకు ప్రమాదం.

## బండి సిద్ధం చేసేటప్పుడు

2 కిలోల విమానం ఎత్తడానికి ఎంత డ్రోన్ కావాలి?

4 కిలోల హెక్సా అనుకుందాం. విమానంతో కలిపి 6 కిలోలు. మొత్తం థ్రస్ట్ (ఫ్యాన్లు పైకి తోసే బలం) కనీసం దీనికి రెట్టింపు, అంటే 12 కిలోలు ఉండాలి, మోటార్‌కు 2 కిలోల చొప్పున. ఇది కనీసం మాత్రమే. ఎందుకంటే ఫ్యాన్ల కింద గాలి సెకనుకు 10 మీటర్ల పైన వేగంతో కిందికి కొడుతుంది, ఆ గాలి రెక్కను అదుముతుంది. తూకంలో 2 కిలోలున్న విమానం డ్రోన్‌కి అంతకంటే బరువుగా తగులుతుంది.

బ్యాటరీ విషయంలో అందరూ తప్పు లెక్క వేస్తారు. బరువు 4 నుంచి 6 కిలోలకు పెరిగితే కరెంటు ఒకటిన్నర రెట్లు కాదు, సుమారు 1.8 రెట్లు తాగుతుంది. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, పుస్తకాల్లో రాసే ప్రామాణిక గాలికంటే దాదాపు 14 శాతం పలచన. దానికి ఇంకో 8 శాతం పవర్ కలపండి. మోటార్ డేటాషీట్ అంకెలు మన ఎండకు రాసినవి కావు.

మా దగ్గర మందు కొట్టే డ్రోన్ ఉంది. దానికే కట్టి లేపొచ్చా?

బలం సరిపోతుంది. 10 లీటర్ల ట్యాంకు మోసే బండికి 2 కిలోలు లెక్కే కాదు. అయినా వద్దంటాను. ఆ డ్రోన్‌కి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కి ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) పిచికారీ చేసే రూపంలో వచ్చింది. మీరు కింద కొక్కేలు, క్లాంపులు బిగిస్తే అది ఇక ఆ బండి కాదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. మహిళా సంఘానికి వచ్చిన డ్రోన్ అయితే ఇంకా ఆలోచించండి. దాని మీద ఒక సీజన్ కూలి ఆధారపడి ఉంటుంది, మన ప్రయోగానికి దాన్ని పణంగా పెట్టకూడదు.

తాడుతో వేలాడదీయాలా, కింద గట్టిగా బిగించాలా?

కొత్తవాళ్లు బిగించాలి. తాడుకి వేలాడే విమానానికి రెక్కలున్నాయి, అది ఊరికే వేలాడదు. ముందుకు కదలగానే తన దారిన ఎగరాలని చూస్తుంది, పక్కకు లాగుతుంది, గిరగిరా తిరుగుతుంది. 4 మీటర్ల తాడైతే ఒక్కో ఊపు 4 సెకన్లు తీసుకుంటుంది. ఆ ఊపును ఆపబోయి డ్రోన్ ఇంకా ఊపుతుంది.

డ్రోన్ పొట్ట కింద ఒక ఊయల లాంటి ఫ్రేమ్ కట్టండి. ముందొకటి, వెనకొకటి రెండు చోట్ల పట్టు ఉండాలి. ముక్కు రెండు మూడు డిగ్రీలు కిందికి వంగి ఉండాలి. పట్టు దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలు పెడితే గీతలు పడవు, వణుకూ తగ్గుతుంది. రెక్కల చివర్లు ఏ ప్రొపెల్లర్‌కీ దగ్గరగా రాకూడదు.

రిలీజ్‌కి ఏం వాడాలి?

మెటల్ గేర్ సర్వో (రిమోట్ సిగ్నల్‌కి తిరిగే చిన్న మోటార్), దానికి నున్నటి స్టీలు పిన్ను. ముందు, వెనక పట్లు రెండూ ఒకే లింకుతో, ఒకేసారి వదలాలి. వెనకది అర సెకను ఆలస్యమైనా విమానం తోకతో వేలాడి తిరగబడుతుంది. బల్ల మీద ఖాళీగా తిప్పి చూసి బాగుందనుకోవద్దు. విమానం బరువుకు ఒకటిన్నర రెట్లు, అంటే 2 కిలోలకు 3 కిలోల ఇసుక సంచి కట్టి, డ్రోన్‌ను చేత్తో ఊపుతూ వదిలి చూడండి. బరువు మీద పిన్ను బిగుసుకుపోవడం అక్కడే బయటపడుతుంది.

రెండు రిమోట్లు ఒకదానికొకటి అడ్డం పడవా?

ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ పోతాయి కాబట్టి పడవు. అడ్డం పడేది మనుషులే. డ్రోన్‌కి ఒకరు, విమానానికి ఒకరు, మాట ఒక్కరిదే. "రెడీ", "వదులు", "వద్దు", ఈ మూడు మాటలు తప్ప ఆ నిమిషంలో ఇంకేం వినపడకూడదు.

## అనుమతి, చోటు, కాలం

పర్మిషన్ కావాలా? పొలంల ఎగరేస్తే ఎవరడుగుతరు?

ఎవరూ అడగకపోవచ్చు, ప్రమాదం జరిగేదాకా. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. మీ డ్రోన్, మీ విమానం రెండూ వేర్వేరు బండ్లే, రెండింటికీ విడివిడిగా గుర్తింపు సంఖ్య కావాలి. స్మాల్ తరగతిలో నడిపే ప్రతి ఒక్కరికీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. నానో తప్ప మిగతా అన్నింటికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

గ్రీన్ జోన్‌లో నేల నుంచి 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఏ ఊరు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆరోజు పొద్దునే చూసుకోండి, జోన్లు మారుతుంటాయి.

కాలేజీ పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు పరిశోధన కోసం గ్రీన్ జోన్‌లో, తమ ఆవరణలో లేదా తమ అధీనంలో ఉన్న ఖాళీ స్థలంలో ఎగరేస్తే టైప్ సర్టిఫికెట్, గుర్తింపు సంఖ్య, పైలట్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంటుంది. పక్క ఊరి చెరువుకట్ట మీ కాలేజీ అధీనంలో ఉన్నట్టు కాదు.

సాగర్ దగ్గర, నల్లమల సైడు ఎగరేయొచ్చా?

రెండూ వద్దు. నాగార్జునసాగర్ అవతలి ఒడ్డున, విజయపురి సౌత్ వైపు ఎయిర్‌స్ట్రిప్ ఉంది. శిక్షణ విమానాలు తక్కువ ఎత్తులో వచ్చే చోట రెండు బండ్లను కలిపి లేపడం తెలివైన పని కాదు. డ్యాముల దగ్గర భద్రతా సిబ్బంది ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా అందులో ఏదీ ఎగరేయడానికి లేదు. శంషాబాద్ విమానాశ్రయం వైపున్న ఊళ్లవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య గ్రీన్ జోన్ 200 అడుగుల వరకే. ఈ పనికి ఆ ఎత్తు చాలా ఇరుకు.

ఏ నెలలు మంచివి?

వానాకాలం పంట, పత్తి ఏరుడు అయిపోయి చేలు ఖాళీగా ఉండే జనవరి చివర నుంచి మార్చి వరకు. పొద్దున 7 నుంచి 9 లోపు గాలి నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు సుడిగాలులు లేస్తాయి. జూన్ నుంచి నైరుతి గాలి జోరు. ముందే మొదలుపెట్టినా సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి. గాలిపటాల మాంజా ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే మోటార్ అక్కడికక్కడే ఆగిపోతుంది. దారం గాల్లో కంటికి ఆనదు కూడా.

## ఎత్తి వదిలేటప్పుడు

ఎంత ఎత్తులో వదలాలి?

80 మీటర్లు. లెక్క ఇది. 2 కిలోల విమానం, రెక్క వైశాల్యం 0.4 చదరపు మీటర్లు అయితే స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం) సెకనుకు సుమారు 8.6 మీటర్లు. భద్రంగా ఎగరడానికి 11 కావాలి. ఆగి ఉన్న డ్రోన్ నుంచి రాయిలా పడినా ఆ వేగం రావడానికి 6, 7 మీటర్లు చాలు. అక్కడి నుంచి ముక్కు పైకి లేపి సమం కావడానికి ఇంకో 15, 20. అంటే 30 మీటర్లలో పని అయిపోతుంది. మిగతా 50 మీటర్లు మీ తడబాటుకు. 120 మీటర్ల హద్దుకు దగ్గరగా వెళ్లకండి, వదలగానే పై డ్రోన్ ఒక్కసారిగా తేలికై కొన్ని మీటర్లు ఎగదన్నుతుంది.

డ్రోన్‌ను ఆపి వదలడం కంటే గాలికి ఎదురుగా సెకనుకు 8, 10 మీటర్ల వేగంతో తీసుకెళ్తూ వదిలితే విమానం దాదాపు ఎగురుతూనే విడిపోతుంది.

వదలగానే విమానం ఒక్కసారిగా ఒక పక్కకు దొర్లింది. బ్యాలెన్స్ సరిగ్గానే ఉంది మరి?

బ్యాలెన్స్ తప్పు కాదు, ఆటోపైలట్ (విమానాన్ని నడిపే చిన్న కంప్యూటర్) తప్పు. ఇది నూటికి తొంభై మంది దగ్గర కనిపించేదే. విమానం ఫ్రేమ్‌కి బిగించి ఉండగా దాని ఆటోపైలట్ స్టెబిలైజ్ మోడ్‌లో, అంటే వాలితే తనే సమం చేసే మోడ్‌లో ఉందనుకోండి. డ్రోన్ కొద్దిగా కుడికి వాలితే, ఆటోపైలట్ ఎడమకు సరిచేయాలని ఐలరాన్లు (రెక్కల వెనకంచున కదిలే పలకలు) తిప్పుతుంది. విమానం కదలదు, కట్టేసి ఉంది కదా. ఇంకా గట్టిగా తిప్పుతుంది. ఆ సవరణ లోపల పేరుకుపోతూ ఉంటుంది. మీరు పిన్ను లాగిన క్షణంలో పేరుకున్నదంతా ఒకేసారి బయటికొస్తుంది.

కట్టి ఉన్నంతసేపు మాన్యువల్ మోడ్‌లో, కంట్రోళ్లు మధ్యలో ఉంచండి. విడిపోయిన వెంటనే స్టెబిలైజ్ చేసే మోడ్‌కి మార్చండి. రిలీజ్ స్విచ్‌తోనే మోడ్ కూడా మారేలా కలిపితే ఇంకా మంచిది.

ఒకవేళ విమానం దొర్లకుండా పైకి లేచి డ్రోన్‌కి తగిలితే కారణం వేరు: ముక్కు పైకి ఉండి రెక్క అప్పటికే లిఫ్ట్ (పైకి లేపే బలం) ఇస్తోంది. ఫ్రేమ్‌లో ముక్కు కిందికి దించండి.

విమానం మోటార్ ఎప్పుడు తిరగాలి?

విడిపోయి, కనీసం 5 మీటర్లు కిందికి జారాక. చేత్తో విసిరే విమానాల ఆటోపైలట్లు ముందుకు వచ్చే కుదుపును చూసి మోటార్ ఆన్ చేస్తాయి. కింద పడేటప్పుడు ఆ కుదుపు ఉండదు, సెన్సార్ దాదాపు సున్నా చూపిస్తుంది, మోటార్ తిరగదు. కాబట్టి ఆ సెట్టింగ్‌ను నమ్మకుండా పైలట్ చేత్తో థ్రాటిల్ (మోటార్ వేగం పెంచే మీట) ఇవ్వాలి, లేదా రిలీజ్ తర్వాత సెకను ఆలస్యంతో ఆన్ అయ్యేలా పెట్టుకోవాలి.

ఎయిర్‌స్పీడ్ (గాలితో పోలిస్తే విమానం వేగం) తప్పు చూపిస్తోంది, ఎందుకు?

పవర్ ఇచ్చినప్పుడు, ఆ వేగం కొలిచే పిటో గొట్టం దగ్గర గాలి వీచి ఉంటుంది. సెన్సార్ అప్పటి ఒత్తిడినే సున్నా అనుకుంటుంది. డ్రోన్ ఫ్యాన్లు ఆగి ఉండగానే, గొట్టం మీద గుడ్డ కప్పి విమానానికి పవర్ ఇవ్వండి. గుడ్డ తీయడం మరిచిపోకుండా దానికి ఎర్ర రిబ్బన్ కట్టండి.

## తిరిగి పట్టుకునేటప్పుడు

గాల్లో పట్టుకోవడం ఎట్ల జరుగుతది?

రెండు పద్ధతులున్నాయి. పాతది పారాచూట్. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళం నిఘా జెట్ డ్రోన్లు పని ముగించుకుని పారాచూట్‌తో దిగుతుంటే హెలికాప్టర్ పైనుంచి వచ్చి కొక్కేలతో అందుకునేది. అది మామూలు డ్యూటీలా సాగింది. రెండోది తాడు. ఫ్యాన్ల డ్రోన్ ఒక నిలువు తాడును వేలాడదీసి నిలబడుతుంది, విమానం దాన్ని గుద్దుతుంది, తాడు రెక్క ముందంచు మీద జారి చివరి కొక్కెంలో ఇరుక్కుంటుంది. తాడు గాలికి కొట్టుకుపోకుండా కింద అరకిలో బరువు కట్టాలి.

మామూలు జీపీఎస్‌తో తాడుకి గురి కుదురుతుందా?

కుదరదు. 1.8 మీటర్ల విమానంలో ఒక్కో వైపు రెక్క 90 సెంటీమీటర్లు. తాడు ఆ 90 సెంటీమీటర్లలోనే తగలాలి, మధ్యలో బాడీకి తగిలితే ప్రొపెల్లర్‌కే చుట్టుకోవచ్చు. మామూలు జీపీఎస్ రెండు మూడు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, పైగా తప్పు రెండు బండ్లలోనూ ఉంటుంది. రెండింటికీ ఆర్‌టీకే (సెంటీమీటర్ల దాకా కచ్చితంగా చూపే జీపీఎస్) ఉండి, ఒకదానికి ఇంకోటి ఎంత దూరంలో ఉందో సెంటీమీటర్లలో తెలిస్తేనే ప్రయత్నించాలి. కళ్లతో చూసి గురిపెట్టే పైలట్లు ఉన్నారంటారు. విమానం దూరంగా ఉన్నప్పుడు తాడుకు ముందుందో వెనకుందో కింద నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది?

తాడు ఎంత పొడుగుండాలి?

డ్రోన్ నుంచి కొక్కెం తగిలే చోటికి కనీసం 15 మీటర్లు. 2 కిలోల విమానం సెకనుకు 12 మీటర్ల వేగంతో వచ్చి తాడుకి తగులుకుంటే ఊయలలా పైకి ఊగుతుంది. ఆ వేగం దాన్ని 7 మీటర్లకు పైగా ఎత్తుకు తీసుకెళ్లగలదు. తాడు 3 మీటర్లే ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి: విమానం నేరుగా డ్రోన్ ఫ్యాన్లలోకే వెళ్తుంది. లాగుడు కూడా 12 కిలోల దాకా పోతుంది. అదే 15 మీటర్ల తాడైతే లాగుడు 4 కిలోల దగ్గర ఆగుతుంది. తాడు పైన కొంత సాగే రబ్బరు ముక్క ఉంటే ఇంకా మేలు.

డ్రోన్ వైపు కూడా ఒక రిలీజ్ పెట్టండి, ఇది ఖర్చు అనుకోవద్దు. 2022 మే 2న రాకెట్ ల్యాబ్ కంపెనీ పారాచూట్‌తో దిగుతున్న తన రాకెట్ బూస్టర్‌ను హెలికాప్టర్‌తో పట్టుకుంది. బరువు తాము పరీక్షల్లో చూసినట్టు లేదని పైలట్‌కి అనిపించింది, వెంటనే వదిలేశాడు. బూస్టర్ సముద్రంలో పడింది, పడవతో తీసుకొచ్చారు. హెలికాప్టర్, మనుషులు క్షేమం.

మరి ఇవేం లేకుండా ఎలా దించుకోవాలి?

ఖాళీ చేలో పొట్ట మీద దించండి. వరి కోసిన మడి అన్నింటికంటే మెత్తన, కాకుంటే కొయ్యకాళ్లు కెమెరా అద్దాన్ని గీస్తాయి, దానికి మూత పెట్టుకోండి. పత్తి కట్టెలు ఉన్న చేను వద్దు, రెక్క చీలిపోతుంది. వెదురు బొంగులకు వల కట్టి అందులోకి దించడం రెండో దారి. పారాచూట్ మూడోది. పారాచూట్ పెడితే అది తెరుచుకునే సెన్సార్‌ను నేల మీద పరీక్షించకుండా లేపొద్దు. 2004 సెప్టెంబర్ 8న అంతరిక్షం నుంచి తిరిగొస్తున్న నాసా జెనిసిస్ క్యాప్సూల్‌ను అందుకోవడానికి హెలికాప్టర్లు గాల్లో సిద్ధంగా ఉన్నాయి. పారాచూటే తెరుచుకోలేదు. సెన్సార్లు తిరగేసి బిగించారని తర్వాత తేలింది.

## తేడా వస్తే

రిలీజ్ కాలేదు, విమానం ఇరుక్కుంది. ఏం చేయాలి?

పైనే ఊపి విడిపించాలని చూడొద్దు, ఒక్క పట్టు మాత్రమే ఊడితే ఇంకా ప్రమాదం. విమానం మోటార్ ఆఫ్ చేసి, స్విచ్ వెనక్కి వేసి, నెమ్మదిగా కిందికి తెచ్చి దింపండి. అందుకోసమే ఫ్రేమ్ కాళ్లు విమానం పొట్ట కంటే పొడుగ్గా ఉండాలి, లేచేటప్పుడు ఎలా ఉందో అలాగే దిగగలగాలి. బ్యాటరీలో ఆ మేరకు మిగుల్చుకోవాలి.

గద్దలు వెంటపడుతున్నాయి!

రెక్కల విమానాన్ని అవి ఇంకో పక్షి అనుకుంటాయి. గుట్టల దగ్గర గూళ్లు పెట్టే కాలంలో మరీ ఎక్కువ. థ్రాటిల్ పెంచి పైకి లేవండి, గద్ద పైనుంచే దాడి చేస్తుంది. రెండోసారి కూడా వస్తే ఆరోజుకి ఆ చోటు దానిదే, సర్దుకుని వచ్చేయండి.

విమానం ఎవరి చేలోనో పడింది. ఇప్పుడెట్ల?

ముందు ఆఖరి జీపీఎస్ లొకేషన్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చేలోకి దూకకుండా ఆ రైతును పిలిచి చెప్పండి, "పెద్దయ్యా, మాది ఒక చిన్న విమానం మీ చేన్ల పడ్డది" అంటే ఆయనే దారి చూపిస్తాడు. విరిగిన మొక్కలకు డబ్బిస్తామని మీరే ముందు అడగండి. దొరికిన విమానంలో బ్యాటరీ ఉబ్బినా, వంగినా బ్యాగులో వేయొద్దు. తీగలు విడదీసి, ఇసుక ఉన్న ఇనుప డబ్బాలో పెట్టి, బండి డిక్కీలో కాకుండా బయట గంటసేపు ఉంచి చూడండి. ఎండు పత్తి చేలో పడితే చుట్టూ ఆకు ఊడ్చి, ఎక్కడా పొగ లేదని చూసుకున్నాకే అక్కడి నుంచి కదలండి.